నాయుడుగారి కమాను: ఉత్తరాంధ్ర తీగెల విశేషాలు

ఆమదాలవలస స్టేషన్ పేరు రైల్వే లెక్కల్లో శ్రీకాకుళం రోడ్. జిల్లా కేంద్రానికి రైలు లేదు కాబట్టి శ్రీకాకుళం వెళ్లేవాళ్లంతా ఇక్కడే దిగాలి. విశాఖ వైపు వెళ్లే బండి ఎక్కితే దూసి, పొందూరు, చీపురుపల్లి మీదుగా విజయనగరం దగ్గర దగ్గర 70 కిలోమీటర్లు. సంగీతం నేర్చుకోవాలని పెట్టె సర్దుకున్న తెలుగు పిల్లలు వందేళ్లకు పైగా దిగుతున్న ఊరది. ఈ విశేషాలన్నీ ఆ దారికి అటూ ఇటూ ఉన్నవే. ఒకటి రెండు మాత్రం మద్రాసు దాకా, వియన్నా దాకా వెళ్లి వస్తాయి. వాటన్నిటి నడుమా ఫిడేలు పట్టుకుని కూర్చున్న మనిషి ద్వారం వెంకటస్వామి నాయుడుగారు.

నేర్చుకుందామని వచ్చి

నాయుడుగారు 1893 నవంబరు 8న, దీపావళి నాడు, బెంగళూరులో పుట్టారు. తండ్రిది సైన్యంలో ఉద్యోగం. పెరిగింది మాత్రం విశాఖపట్నంలో. చిన్నప్పటి నుంచీ చూపు బాగా మందం కావడంతో బడి చదువు సాగలేదు. ఫిడేలు నేర్పింది అన్నగారు వెంకటకృష్ణయ్య.

1919లో విజయనగరంలో సంగీత పాఠశాల తెరిచారని విని, అందులో విద్యార్థిగా చేరదామనే నాయుడుగారు అక్కడికి వెళ్లారట. ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసుగారు ఒకసారి వాయించమన్నారు. విన్నాక, ఇతనికి పాఠం చెప్పడం కాదు, ఇతని చేతే పాఠాలు చెప్పించాలని తేల్చేశారట. విజయనగరంలో సంగీతం తెలిసిన ఏ ఇంట్లో కూర్చున్నా ఈ కథ వినిపిస్తుంది. కథ సంగతి ఎలా ఉన్నా ఫలితం మాత్రం చరిత్రే. 26వ ఏట ఆయన ఆ పాఠశాలలో వయొలిన్ ఆచార్యుడయ్యారు, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఆయన్ని ఎంచుకున్న దాసుగారు సామాన్యులా? ఐదు తాళాలు ఒకేసారి నడిపి పంచముఖీ పరమేశ్వర బిరుదు పొందిన హరికథా పితామహుడు. అజ్జాడలో పుట్టిన మనిషి, మన ప్రాంతం వాడే.

ఆ పాఠశాల ఎందుకు పుట్టిందో చెప్పే కథ నాకు మరీ ఇష్టం. సంస్థానంలో పనిచేసే ఒక ఉద్యోగి కొడుక్కి చూపు లేదు. ఆ పిల్లవాడికి సంగీతం నేర్పించే దారి చూపమని ఆయన మహారాజా విజయరామ గజపతిరాజును అడిగాడట. ఒక్క పిల్లవాడికి గురువును కుదర్చడం కన్నా అందరికీ ఒక బడి పెట్టడం మేలనుకున్నారట రాజావారు. విజయరామ గాన పాఠశాల అలా మొదలైందని పెద్దలు చెబుతారు. చూపు లేని పిల్లవాడి కోసం పెట్టిన బడికి చూపు సరిగా ఆనని మనిషి ప్రిన్సిపాల్ అయ్యారు. అదే మనిషి 1952లో ఢిల్లీలో అంధుల సహాయ సంఘం కోసం కచేరీ చేశారు.

పాదం మీద ఫిడేలు, పిక్కల మధ్య చెల్లో

వయొలిన్ మనది కాదని అందరికీ తెలుసు. అది మనదైన తీరు తెలిసినవాళ్లు తక్కువ. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1859) మద్రాసులో ఒక యూరోపియన్ వాద్యకారుడి దగ్గర మూడేళ్లు నేర్చుకుని దాన్ని మన సంగీతంలోకి తెచ్చారు. తంజావూరు సోదరుల్లో ఒకరైన వడివేలు వాయిద్యం విని మురిసిన తిరువాన్కూరు రాజు స్వాతి తిరునాళ్ 1834లో ఆయనకు దంతపు వయొలిన్ బహూకరించారు. అంటే వచ్చిన యాభై ఏళ్లలోపే ఈ పరదేశి వాద్యం రాజసభ ఎక్కేసింది.

మనవాళ్లు వాద్యాన్ని తీసుకున్నారు గానీ, పట్టుకునే పద్ధతిని తీసుకోలేదు. కింద బాసిపట్టు వేసుకుని కూర్చుని, ఫిడేలు తల భాగాన్ని కుడి పాదం మీద ఆనించి, రెండో కొసను ఛాతీకి ఆనిస్తారు. బరువంతా ఆ రెండు చోట్లే ఆగిపోతుంది కాబట్టి ఎడమ చెయ్యి దేన్నీ మొయ్యనక్కర్లేదు. తీగె మీద పైకీ కిందికీ జారి గమకం పలకడానికి ఆ చేతికి పూర్తి స్వేచ్ఛ. శృతి కూడా మార్చేశారు. పాశ్చాత్యులు నాలుగు తీగెలకు నాలుగు వేరు వేరు స్వరాలు పెడితే, మనవాళ్లు స, ప, స, ప అని కట్టుకున్నారు.

ఇక్కడే చెల్లో సంగతి చెప్పుకోవాలి. వయొలిన్‌కి పెద్దన్నలాంటి ఈ వాద్యాన్ని ఇవాళ కుర్చీలో కూర్చుని, అడుగున ఉండే ఇనుప ములికిని నేల మీద గుచ్చి వాయిస్తారు. ఆ ములికి మొదట్లో లేదు. 19వ శతాబ్దం నడుమ బెల్జియం విద్వాంసుడు సెర్వే దాన్ని వాడుకలోకి తెచ్చాడు. అంతకుముందు చెల్లోను రెండు పిక్కల మధ్య బిగించి పట్టుకునేవాళ్లు. వయొలిన్‌కి గడ్డం ఆనించుకునే చెక్క కూడా 1820 ప్రాంతంలో జర్మన్ విద్వాంసుడు ష్పోర్ చేర్చిందే. నాయుడుగారి కన్నా డెబ్భై ఏళ్లకు పైగా ముందు యూరప్‌లో వచ్చిన ఆ మార్పు మన పద్ధతికి అవసరమే పడలేదు.

పాత రోజుల పద్ధతిలోనే పాత సంగీతం వాయించాలని బతుకంతా దానికే ఇచ్చిన చెల్లో విద్వాంసులు కొందరున్నారు. ములికి తీసేస్తారు. ఉక్కు తీగెలు తీసేసి గొర్రె పేగుతో చేసిన నరాలు కడతారు. వెలుపలికి వంగిన పాతకాలపు కమాను పడతారు. ఆస్ట్రియా దేశస్థుడు నికొలాస్ హార్నన్‌కోర్ట్ 1952 నుంచి 1969 దాకా వియన్నా సింఫనీలో చెల్లో ఉద్యోగం చేస్తూనే, 1953లో పాత వాద్యాల బృందం కట్టారు. జనం ముందు ఆ బృందం మొదటి కచేరీ 1957లో గాని జరగలేదు. నాలుగేళ్లు పాత వాద్యాలు వెతకడం, పాత పుస్తకాలు చదవడం, సాధన చెయ్యడం. అదీ ఆ వృత్తి. డచ్ విద్వాంసుడు అన్నర్ బైల్‌స్మా ఆమ్‌స్టర్‌డామ్‌లోని పేరున్న ఆర్కెస్ట్రాలో ముఖ్య చెల్లిస్టుగా ఉండి, 1968లో అది వదిలేసి పాత పద్ధతికే అంకితమయ్యారు. బాక్ రాసిన ఆరు చెల్లో కృతులను 1979లో పాతకాలపు చెల్లో మీద రికార్డు చేశారు. 1992లో మళ్లీ చేసినప్పుడు ఆయన చేతిలో ఉన్నది 1701లో స్ట్రాడివేరి చేసిన చెల్లో. ఒకప్పుడు దాని యజమాని, ములికి ప్రచారం చేసిన ఆ సెర్వేనే!

ఆ ఆరు కృతుల కథ కూడా వినదగ్గది. బాక్ స్వహస్తంతో రాసిన ప్రతి దొరకలేదు. ఆయన భార్య అన్నా మగ్దలేనా రాసిన ప్రతి ఉంది. చాలా కాలం వాటిని సాధన పాఠాలుగా మాత్రమే చూశారు. 1890లో బార్సిలోనాలో ఒక పాత పుస్తకాల అంగట్లో వాటి అచ్చు ప్రతి పదమూడేళ్ల పాబ్లో కజాల్స్ కంటబడింది. ఏళ్ల తరబడి సాధన చేశాకే ఆయన వాటిని కచేరీకెక్కించారు.

నరం, తీగె, శృతి

పేగుతో చేసిన నరం శబ్దం ఉక్కు తీగె శబ్దం కన్నా మెత్తగా ఉంటుంది. వెంటనే పలకదు, కమానుతో బుజ్జగించాలి. చెమ్మ తగిలితే శృతి జారుతుంది. ఈ కష్టాలన్నీ పడి కూడా దాన్నే వాడేవాళ్లు ఉన్నారంటే, ఆ పలుకులో ఉన్న జీవమే కారణం. నరం మీద తీగె వాద్యం ఎలా పలుకుతుందో తెలుసుకోవడానికి మన జిల్లా వాళ్లు వియన్నా వెళ్లనక్కర్లేదు. జముకుల కథ విన్నవాళ్లకి అది చెవిలో ఉన్నదే. ఒక వైపు తోలు బిగించిన పాత్ర, ఆ తోలు నడుమ నుంచి సాగే నరం, దాన్ని లాగి పట్టి మీటితే సాగుతూ వణుకుతూ వచ్చే ఆ గుంకారం. శ్రీకాకుళం పల్లెల్లో రాత్రంతా కథ నడిపించిన వాద్యమిది. దీన్ని శాస్త్రీయ వాద్యాల పక్కన కూర్చోబెట్టడానికి మనవాళ్లు ఇప్పటికీ జంకుతారు. అది తప్పని నా అభిప్రాయం.

శృతి విషయంలో పాత పద్ధతి విద్వాంసులకూ నేటి ఆర్కెస్ట్రాలకూ పేచీ ఉంది. ఇవాళ్టి ప్రమాణం సెకనుకు 440 కంపనాలు. బాక్ కాలపు సంగీతానికి వీళ్లు 415 పెట్టుకుంటారు, అంటే ఇంచుమించు ఒక స్వరస్థానం కిందికి. మన సంగీతంలో ఈ గొడవే లేదు. పాడేవాడి గొంతు ఎక్కడ హాయిగా నిలుస్తుందో అదే షడ్జం. ఫిడేలు దానికి సర్దుకుంటుంది.

పొందూరు దాటేటప్పుడు ఒక మాట. అక్కడి ఖద్దరు కోసం పత్తిని ఇప్పటికీ వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ సన్నని పళ్ల వరస చేసే పని ఏ యంత్రమూ అంత నాజూకుగా చెయ్యలేదని అక్కడి ఆడవాళ్లు చెబుతారు. పేగు తీగె కట్టుకునే చెల్లో విద్వాంసుడి పట్టుదల నాకు అర్థమైంది ఆ దువ్వెనను చూశాకే.

మైకు రాకముందు

నాయుడుగారి కాలానికి వయొలిన్ అంటే పక్కవాద్యం. గాయకుడి పక్కన కూర్చుని, ఆయన పాడింది అనుసరించి, ఆయన ఇచ్చిన కాస్త సందులో వాయించుకుని ఊరుకోవాలి. ఒంటి చేత్తో కచేరీ నడిపించగల వాద్యమని దాన్ని నమ్మినవాళ్లలో నాయుడుగారు ముందువరసలో ఉంటారు. 1938లో వెల్లూరులో ఆయన తొలి సోలో కచేరీ చేశారు. అప్పటికి వయసు 44. ఈ రోజుల్లో ఇరవై ఏళ్లకే సోలో కచేరీ చెయ్యకపోతే బెంగపెట్టుకునే పిల్లలు ఈ అంకె గుర్తుంచుకోవాలి. అప్పటికే ఆయనకు పాఠం చెప్పిన అనుభవం పంతొమ్మిదేళ్లు. విద్యార్థులు చేసే ప్రతి తప్పునూ ఆ పంతొమ్మిదేళ్లూ చెవులతో పట్టుకుంటూ వచ్చిన మనిషి వేదిక ఎక్కి ఒంటరిగా కూర్చున్నారు.

మైసూరు చౌడయ్య, కుంభకోణం రాజమాణిక్యం పిళ్లై, ద్వారం నాయుడు. ఈ ముగ్గురినీ కలిపి వయొలిన్ త్రయం అంటారు. మైకు లేని పెద్ద పందిళ్లలో చివరి వరస దాకా వినిపించాలని చౌడయ్య నాలుగు తీగెల వయొలిన్‌ని ఏడు తీగెలకు పెంచారు. నాయుడుగారు నాలుగింటితోనే ఉండిపోయారు. ఆయన నమ్ముకున్నది కమానును. పొడుగ్గా, తొట్రుపాటు లేకుండా, ఊపిరి తీసినట్టు సాగే కమాను. ఆయన రికార్డు పెట్టుకుని వినండి. కమాను కొస నుంచి వెనక్కి తిరిగే చోటు పట్టుకోవడానికి ప్రయత్నించండి. చాలాసార్లు దొరకదు. గొంతు ఎక్కడ ఊపిరి తీస్తుందో అక్కడే ఆయన కమాను మళ్లిస్తారు, సాహిత్యంలో పదం మధ్యలో విరవరు. రాగం పలికించేటప్పుడు వేళ్ల వేగం చూపించాలన్న ఆత్రం ఎక్కడా ఉండదు. గ్రామఫోన్ రికార్డుల కాలంలో ఒక్కో వైపు నిలిచేది మూడు నిమిషాల పైచిలుకే. అంత ఇరుకులో కూడా ఆయన తొందరపడినట్టు అనిపించదు. ముగ్గురిలో ఎవరు గొప్ప అన్న వాదనకు నేను దిగను గానీ, స్వరశుద్ధికి మాత్రం ఆయనకు సాటి లేరని గట్టిగా చెబుతాను.

మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన పి.వి. రాజమన్నార్‌ గారింట్లో నాయుడుగారి వాయిద్యాన్ని యెహూదీ మెనుహిన్ విన్నారు. ప్రపంచం మెచ్చిన ఆ వయొలిన్ విద్వాంసుడు, పాదం మీద ఫిడేలు ఆనించి కూర్చున్న ఈ మనిషిని మనసారా పొగిడారు. నాయుడుగారికీ పాశ్చాత్య వయొలిన్ అంటే ఎంతో గౌరవం. ఆ సంగీతం గురించి ఆయనకు బాగా తెలుసు కూడా. తెలిసి, గౌరవించి, తన పద్ధతిలోనే తాను వాయించుకున్నారు.

1941లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి, 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ. 1964 నవంబరు 25న కన్నుమూశారు. శతజయంతి ఏడాది 1993లో తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ల విడుదల చేసింది.

ఆ బడిలో ఇంకెవరు

నాయుడుగారు ప్రిన్సిపాల్‌గా ఉన్న రోజుల్లోనే ఘంటసాల అక్కడ చదివారు. ఇల్లిల్లూ తిరిగి మధుకరం ఎత్తుకుని, ఆ అన్నం తిని పాట నేర్చుకున్న కుర్రవాడు. చేరదీసి నేర్పిన గురువు సాలూరుకు చెందిన పట్రాయని సీతారామశాస్త్రిగారు. విజయనగరం ఆడపడుచు పి. సుశీల కూడా, ఇప్పుడు సంగీత కళాశాల అయిన ఆ బడి విద్యార్థినే. నేదునూరి కృష్ణమూర్తి 1940లో చేరి ద్వారం నరసింగరావు నాయుడుగారి దగ్గర నేర్చుకున్నారు. తర్వాతి కాలంలో అన్నమయ్య కీర్తనలకు వరసలు కట్టి ఊరూరా పాడించిన నేదునూరి ఆయనే.

ఒక పనసదుంగ

విజయనగరంలో రాయపూర్ వైపు వెళ్లే బండికి మారితే బొబ్బిలి. ఆ పక్కనే గొల్లపల్లి. బొబ్బిలి వీణ పుట్టే ఊరు. భౌగోళిక గుర్తింపు పొందిన ఈ వీణను తరతరాలుగా చేస్తున్నది సర్వసిద్ధి ఇంటిపేరు వాళ్లు. కుండ, దండి వేరు వేరుగా చేసి అతకరు. రెండూ ఒకే పనసదుంగలోంచి వస్తాయి. ఉలి ఒకచోట తప్పితే దుంగ మొత్తం పోయినట్టే.

చెక్కడం కళ్లకు కనబడే పని. అసలు పరీక్ష మెట్లు కూర్చడంలో ఉంది. దండి మీద రెండు వైపులా నల్లటి మైనం గట్టు కట్టి, దాని మీద 24 లోహపు మెట్లు నిలబెడతారు. కొలబద్ద ఒక దారి చూపిస్తుంది గానీ చివరి తీర్పు చెవిదే. తీగె మీటి, విని, మెట్టును వెంట్రుకవాసి జరిపి, మళ్లీ మీటి వింటారు. ఆ మైనం మెత్తగా ఉన్నంతసేపే జరపడానికి వీలు. నాలుగు తీగెలు వాయించడానికి, మూడు తాళానికి. ఎండలకు మైనం కదిలితే మెట్లు మళ్లీ కూర్చాల్సిందే. వీణ ఉన్న ఇంటికి వీణ చేసినవాడితో సంబంధం అందుకే తెగదు.

ఇప్పుడు గొల్లపల్లిలో ఎక్కువగా అమ్ముడయ్యేవి సన్మానాల్లో ఇచ్చే చిన్న వీణలు. కడుపు నింపుతున్నాయి, కాదనను. కానీ వాటి మీద ఎవరూ సరళీ స్వరాలు వాయించరు. వాయించే వీణ కొనేవాళ్లు పెరిగితేనే ఆ చెవి తర్వాతి తరానికి అందుతుంది. విజయనగరం సంస్థానంలో వాసా వారి వంశం వీణను ఏలిన రోజుల్లో వాయించేవాడూ చేసేవాడూ ఒకే మండలంలో, ఒకరి మాట ఒకరు వింటూ బతికారు.

డాక్టరుగారి నొటేషన్లు

పాత సంగీతాన్ని దాని పాత రూపంలోనే నిలబెట్టే పని యూరప్‌లో గ్రంథాలయాల నుంచి మొదలైంది, ఎందుకంటే అక్కడ వాయించే పరంపర తెగిపోయింది. మనకు గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి పాఠాంతరం దిగుతూనే ఉంది. దిగుతూ దిగుతూ కొన్ని పలచబడ్డాయి, కొన్ని మాయమయ్యాయి. ఆ లోటును గుర్తించి, కలం పట్టి కూర్చున్న మనిషి మన జిల్లాలోనే పుట్టారు. 1913 ఆగస్టు 3న, శ్రీకాకుళం జిల్లా ప్రియాగ్రహారంలో. శ్రీపాద పినాకపాణి.

వృత్తికి వైద్యుడు. విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, వైద్యం బోధించి, చివరికి కర్నూలులో స్థిరపడ్డారు. మద్రాసులో ఉన్న రోజుల్లో మహా విద్వాంసుల కచేరీలు విని, విన్నది గమకంతో సహా కాగితం మీద పెట్టేవారు. గమకాన్ని రాయడం ఎంత కష్టమో సంగీతం నేర్చుకున్నవాళ్లను అడగండి. స, రి, గ అని రాసుకోవడం ఎవరికైనా వస్తుంది. రి నుంచి గ కి పోయే దారిలో గొంతు ఎక్కడెక్కడ తాకిందో రాయాలి. అదీ ఆయన చేసిన పని. అలా రాసినవాటిలోంచే తిరుమల తిరుపతి దేవస్థానం నాలుగు సంపుటాల సంగీత సౌరభం అచ్చువేసింది. నేదునూరి, వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ, మల్లాది సోదరులు ఆయన శిష్యులే. 1983లో సంగీత కళానిధి, 1984లో పద్మభూషణ్ వచ్చాయి. నూరేళ్లకు కొద్ది నెలల ముందు, 2013 మార్చి 11న వెళ్లిపోయారు. వైద్యం జీతానికి, సంగీతం జీవితానికి అన్నట్టు బతికిన ఇలాంటివాళ్లు లేకపోతే ఇవాళ చాలా కృతులు పేర్లు మాత్రమే మిగిలేవి.

మీ అటక మీద

ఆమదాలవలస, శ్రీకాకుళం, చీపురుపల్లి, బొబ్బిలి, పార్వతీపురం ప్రాంతాల్లో తాతయ్యో నాయనమ్మో విజయనగరంలో సంగీతం నేర్చుకున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ ఇళ్లలో చేత్తో రాసుకున్న నొటేషన్ పుస్తకాలు, రేడియో నుంచి పట్టుకున్న క్యాసెట్లు, మాట్లాడని గ్రామఫోన్ రికార్డులు ఉండే ఉంటాయి. సిరా వెలిసిపోతుంది, టేపు బూజు పడుతుంది, రికార్డు వంగిపోతుంది. మీ ఇంట్లో అలాంటిది ఒక్కటున్నా ఈ ఎండాకాలం రాకముందే కిందికి దించండి. పుస్తకమైతే ప్రతి పేజీకీ ఫొటో తీయించండి. క్యాసెట్ అయితే కంప్యూటర్‌లోకి ఎక్కించండి. ఎవరు రాశారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్న నాలుగు ముక్కలూ ఇంట్లో పెద్దవాళ్లను అడిగి దానికి జతచేయండి. ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకుని, ఒకటి విజయనగరం సంగీత కళాశాలలో ఇవ్వండి.